జాగిలానికి పచ్చిమేత

తోడేలు ఏనాడైనా కుక్కర్ పెట్టిందా అన్న ప్రశ్నతో ఆ రోజు పరేడ్ మొదలైంది.

అడిగింది ప్రభంజన కుమార్ గారు. కోనపేట పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రానికి ఆయనే సూపరింటెండెంటు. ఏదో విదేశీ శిక్షణకి వెళ్ళి ఆ వారమే తిరిగొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం సిద్ధాంతంతో వచ్చారు.

"పెట్టలేదు సార్" అన్నారు హ్యాండ్లర్లు, ముక్తకంఠంతో. వాళ్ళ పక్కన కూర్చున్న కుక్కలు ఏ అభిప్రాయమూ చెప్పలేదు.

"మరి తోడేలు వారసులకి మనం అన్నం, కైమా కలిపి ఉడకేసి ఎందుకు పెడుతున్నాం? అక్కడ ఎవరూ వండట్లేదు. మాంసం పచ్చిగా వేస్తారు. పళ్ళు తళతళ, బొచ్చు మిలమిల. మనం కూడా మారాలి. ముందుగా ఒక్క కుక్కపిల్ల మీద ప్రయోగం చేద్దాం."

ఆయన చూపు వరస పొడుగునా నడిచి, చివర్లో ఆగింది. అక్కడ హెడ్ కానిస్టేబుల్ పసుపులేటి దొరబాబు నిలబడి ఉన్నాడు. అతని బూటు లేసు నములుతూ ఒక లాబ్రడార్ పిల్ల ఉంది. రంగు సరిగ్గా జున్నుముక్క రంగు. అందుకే దొరబాబు దానికి జున్ను అని పేరు పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి దీనికి వంట బంద్" అన్నారు ప్రభంజన కుమార్ గారు.

దొరబాబు జున్నుని తన కాళ్ళ వెనక్కి జరుపుకున్నాడు. కారణం ఉంది. వానాకాలం పోగానే హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తాడు. ఎదుగుదల ఉన్న పిల్లని శిక్షణకి తీసుకుంటాడు. లేని పిల్లని 'అనర్హం' అని కొట్టేస్తాడు. కొట్టేసిన పిల్లల్ని వేలం వేస్తారు. వేలంలో పాడుకునేది ఎక్కువగా క్వారీల వాళ్ళు. కిందటేడు అలా వెళ్ళిన కుక్కని దొరబాబు ఒకసారి చూశాడు. రాళ్ళ దుమ్ములో, మోపెడు గొలుసుతో, పక్కనే మందుగుండు పేలినా తల ఎత్తనంత నీరసంగా పడుందది. ఆ రాత్రి అతను అన్నం తినలేదు.

"పచ్చి మాంసం ఎక్కణ్ణుంచి తేవాలండి?" అని అడిగాడు.

"ప్రకృతి నుంచి" అన్నారు సూపరింటెండెంటు గారు, కారెక్కుతూ. "వివరాలు అకౌంట్స్‌లో కనుక్కో."

*

అకౌంట్స్ అంటే శేషావతారం గారు. ఆ కేంద్రంలో కుక్కలు ఎవరినైనా కరవొచ్చుగానీ, శేషావతారం గారి జోలికి మాత్రం పోవు. ఆయన గదిలోకి ఒకసారి పొరపాటున వెళ్ళిన జర్మన్ షెపర్డ్ ఒకటి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని బయటికొచ్చిందని చెప్పుకుంటారు.

"చూడవయ్యా" అన్నారాయన, కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి. "సదరు కుక్కపిల్లకి ఇంతవరకూ ఆహారం 'వండిన దాణా' అనే పద్దు కింద విడుదలవుతూ ఉండెను. వంట నిషిద్ధమని ఉత్తర్వు వచ్చినందున ఆ పద్దు దానికి వర్తించదు. మూసేశాను."

"మరి తిండి ఎలాగండి?"

"తొందరపడకు. ఉత్తర్వులో ఏముంది? 'పచ్చి ఆహారం' అని ఉంది. మన పద్దుల్లో 'పచ్చి' అనే మాటతో మొదలయ్యేది ఏముందా అని వెతికాను. దైవికంగా ఒకటి దొరికింది."

దొరబాబుకి ప్రాణం లేచొచ్చింది. "ఏంటండది?"

"పచ్చిమేత."

దొరబాబు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

ఆ కేంద్రంలో ఒకప్పుడు గుర్రాలుండేవి. గుర్రాలు పోయాయి, పద్దు మిగిలింది. ఏటా దానికి సొమ్ము వస్తుంది, ఖర్చు కాకుండా వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన సొమ్ము తలుచుకుని శేషావతారం గారు ఏటా మార్చిలో సగం చిక్కిపోయేవారు. ఇప్పుడాయన మొహంలో పెళ్ళికళ ఉంది.

"పచ్చిమేతంటే గడ్డి కదండీ" అన్నాడు దొరబాబు మెల్లగా.

"గడ్డే."

"కుక్క గడ్డి తినదండి."

"కుక్క తింటుందా తినదా అన్నది పశువైద్య విషయం. అది నా పరిధిలోనిది కాదు. పద్దు నా పరిధిలోనిది."

మర్నాడు పొద్దున్నే జున్ను బోను ముందు పచ్చగడ్డి మోపు దిగింది. జున్ను దాని చుట్టూ తిరిగింది. వాసన చూసింది. దొరబాబు మొహంలోకి చూసింది. తర్వాత కాలెత్తి దాని మీద ఒంటేలు పోసి, బోనులో ఓ మూలకి పోయి పడుకుంది.

"ఆహారం స్వీకరించిందా?" అని ఫోన్లో అడిగారు శేషావతారం గారు.

"దగ్గరికైతే వెళ్ళిందండి."

"స్వీకరించినట్టు రాసుకుంటున్నాను."

*

దొరబాబు మస్తాన్ దగ్గరికి పరిగెత్తాడు. బస్టాండు వెనక మస్తాన్‌కి చికెన్ కొట్టుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళ లెక్క, పంచాయితీల లెక్క, ఎవరింట్లో అల్లుడొచ్చాడన్న లెక్క, అన్నీ అతనికి కోళ్ళ లెక్కలోనే తెలిసిపోతాయి.

"మెడలు, కాళ్ళు, తలకాయలు, స్కిన్ను. వీటిల్లో ఏది చవక మస్తానూ?"

"ఇంటికా, కుక్కకా?"

"కుక్కకే."

"కుక్కకైతే నిజం చెప్తాను. స్కిన్ను తీసుకోకండి, కొవ్వెక్కువ. మెడలు మంచివి, లేత ఎముక, పిల్లకి పళ్ళకి పని. కాళ్ళు ఇంకా చవక. ఎంతలో కావాలి?"

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. "గడ్డి ధరలో."

మస్తాన్ కత్తి పక్కన పెట్టాడు. "ఏ గడ్డండీ?"

"పచ్చగడ్డి. ప్రభుత్వం వారు కిలో గడ్డికి ఎంతిస్తే, మాంసానికీ అంతే ఇవ్వాలట. పద్దు అలాగుంది."

"దొరబాబు గారూ, ఈ కోడి బతికున్నప్పుడు నాకు అంతకంటే ఎక్కువ గౌరవం ఇచ్చింది" అన్నాడు మస్తాన్. అయినా మెడలు, కాళ్ళు కలిపి ఒక సంచిలో పోసి, "పిల్ల మొహం చూసి ఇస్తున్నా. మీ డిపార్ట్‌మెంటు మొహం చూసి కాదు" అంటూ గడ్డి ధర మాత్రమే తీసుకుని, రసీదు కూడా రాసిచ్చాడు.

దొరబాబు విజయగర్వంతో రసీదు పట్టుకెళ్ళి శేషావతారం గారి ముందు పెట్టాడు. ఆయన రసీదుని వెలుతురుకి అడ్డంపెట్టి, తర్వాత నిలువుగా పెట్టి చూశారు.

"ధర పద్దుకి లోబడి ఉంది. సంతోషం. కానీ ఇది పచ్చిమేత ఎలా అవుతుంది?"

"పచ్చిదే కదండీ."

"పచ్చిదే. మేత కాదు. మేతకి గడ్డితో సంబంధం ఉండాలి. కోడి గడ్డి తింటుందా?"

"తినదండి. గింజలు, పురుగులు తింటది."

"చూశావా. గడ్డి తిననివాడి మాంసాన్ని గడ్డి పద్దులో వేస్తే రేపు ఆడిట్ వాళ్ళు నన్ను నమిలేస్తారు." ఆయన కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించారు. "అదే మేకనుకో. మేక ఎవరు? గడ్డి. గడ్డే మరో రూపంలో నడుస్తోంది. మేకనైతే నేను సమర్థించగలను."

"మేకమాంసం ధర తమకి తెలుసా అండీ?"

"నేను శాకాహారిని. ధరలు తెలియవు. పరిమితి తెలుసు."

దొరబాబు సంచి మస్తాన్‌కి తిరిగిచ్చేసి మళ్ళీ పరుగు. మేక కొట్టువాడు గడ్డి ధర అనగానే నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, తర్వాత బోటి చూపించాడు. మేక పొట్టపేగులు. శుభ్రం చెయ్యకుండా తీసుకుంటే చవక. దొరబాబు మెదడులో మెరుపు మెరిసింది. వెంటనే ఫోన్ కొట్టాడు.

"సార్, బోటి దొరికిందండి. కడగలేదు. లోపల మేక తిన్న గడ్డి కూడా అలాగే ఉందండి."

అవతల శేషావతారం గారి గొంతు మొదటిసారి వణికింది. "గడ్డి కనబడుతోందా?"

"పచ్చగా కనబడుతోందండి."

"అద్భుతం. గడ్డినీ పేగునీ విడివిడిగా తూయించు. గడ్డికి మాత్రం సొమ్మిస్తాను. పేగు అంటావా, అది గడ్డికి సంచి. సంచులు వాపసు చెయ్యాలి."

మేక కొట్టువాడు ఆ ఫోన్ సంభాషణ విన్న తర్వాత దొరబాబుకి బోటి అమ్మడానికి ఒప్పుకోలేదు. తనకీ పరువుందన్నాడు.

*

ఆ సాయంత్రం దొరబాబు తన జేబులో డబ్బు తీసి మెడలు కొన్నాడు. జున్ను ఒక్క మెడని ముందుకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని కటకటా నమిలి, ఖాళీ అయిన చోటుని కూడా నాకింది. ఆ శబ్దం వింటుంటే దొరబాబుకి కచేరీ విన్నంత హాయిగా ఉంది.

హాయి తెల్లారేదాకే. మర్నాడు శేషావతారం గారు బోను దగ్గరికి స్వయంగా వచ్చి, రుమాలు ముక్కుకి అడ్డంపెట్టి, మళ్ళీ తీసి, జున్ను నోటిని వాసన చూశారు. జున్ను ఆయన ముక్కుని ప్రేమగా నాకింది.

"దీని నోటి వెంట గడ్డి వాసన రావడం లేదు" అన్నారాయన, ముక్కు తుడుచుకుంటూ. "ఎవరి సొమ్ముతో తిన్నది ఇది?"

"నా సొమ్మేనండి. పిల్ల ఆకలికి ఆగలేకపోతుంటే..."

"దొరబాబూ, నువ్వేం చేశావో నీకర్థమైందా? ఇది పోలీసు జాగిలం. రేపు నేరస్థుల్ని పట్టాల్సింది. ప్రైవేటు వ్యక్తి సొమ్ముతో తిన్న జాగిలం ఆ వ్యక్తి పట్ల మెత్తగా ఉంటుందా, ఉండదా?"

జున్ను దొరబాబు బూటు మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. చాలా మెత్తగానే ఉంది.

"దీన్నేమంటారు? లంచమంటారు. ఇంకోసారి జరిగితే నీ మీద మెమో, దాని మీద విచారణ."

"ఆకలేసిన పిల్లకి తిండి పెట్టడం లంచమేంటండి బాబూ."

"లంచాలు తీసుకునే వాళ్ళందరూ ఆకలనే చెప్తారు."

ఇది సూపరింటెండెంటు గారి దాకా వెళ్ళింది. ప్రయోగం ఆగిపోతుందని దొరబాబు లోలోపల మొక్కుకున్నాడు. కానీ సిద్ధాంతంతో వచ్చిన మనిషి అంత తేలిగ్గా ఆగుతాడా. ప్రభంజన కుమార్ గారు కిటికీలోంచి దూరంగా చూస్తూ, "తోడేలు మాంసాన్ని కొట్లో కొంటుందా?" అన్నారు. "కొనదు. సజీవంగా పట్టుకుంటుంది. మనం కొట్ల చుట్టూ తిరగడమే తప్పు. సజీవమైన పచ్చిమేత తెప్పించండి."

"ధర, సార్?" అన్నారు శేషావతారం గారు.

"ప్రకృతిలో ధర ఉండదు."

ప్రకృతి సంగతేమోగానీ, ధర లేకుండా మేకలు దొరికే చోటు ఊళ్ళో ఒకటుంది. బందెలదొడ్డి. రోడ్ల మీద తిరిగే పశువుల్ని మునిసిపాలిటీ వాళ్ళు పట్టుకొచ్చి కట్టేసే చోటు. అందులో ఒక మేకపోతు చాలాకాలంగా ఉంటోంది. దాని యజమాని ఎవరో రాలేదు. రాకపోవడానికి కారణం ఆ మేకపోతు ముఖం చూస్తే తెలుస్తుంది. అది ఎవరినీ లెక్కచేసే రకం కాదు. మునిసిపాలిటీ వాళ్ళు దాన్ని ఉచితంగా ఇవ్వడమే కాదు, బండిలో తెచ్చి దింపి, ఎవరూ మనసు మార్చుకోకముందే వెళ్ళిపోయారు.

శేషావతారం గారు దాన్ని ఆస్తుల్లో చేర్చుకున్నారు. 'పచ్చిమేత, సజీవం, ఒకటి.' జున్ను బోను పక్క బోనులో కట్టేయించి, రెండు బోర్డులు రాయించారు. జున్ను బోనుకి 'జాగిలం'. మేక బోనుకి 'పచ్చిమేత'.

"ఇక కొయ్యడమేనాండీ?" అన్నాడు దొరబాబు. అతనికి ఆ మేకంటే కూడా జాలిగానే ఉంది.

"కొయ్యడమా? అది ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని నాశనం చెయ్యడానికి పై అనుమతి కావాలి. రాశాను. వచ్చేదాకా దాన్ని జాగ్రత్తగా మేపు."

"దేంతోనండి?"

"పచ్చిమేత పద్దు ఉంది కదయ్యా."

*

ఆ తర్వాత జరిగిందాంట్లో మనుషుల ప్రమేయం తక్కువ.

గడ్డి మంజూరైంది కుక్కపిల్ల పేరు మీద కాబట్టి, మోపు రోజూ జున్ను బోనులోనే పడేది. మేకపోతు ఒకరోజు తాడు కొరికి, గోడ దూకి, గడ్డి ఉన్న బోనులోకి వచ్చేసింది. గడ్డి ఒంటికి గుచ్చుకుంటుంటే ఓర్చుకోలేని జున్ను, గడ్డి లేని మేక బోనులోకి వెళ్ళిపోయింది. ఇద్దరికీ ఇళ్ళు నచ్చాయి. దొరబాబు సాయంత్రాలు వాటిని ఎవరి బోనులోకి వాళ్ళని మార్చేవాడు. పొద్దుటికి మళ్ళీ అవే మారిపోయేవి. కొన్నాళ్ళకి అతనూ మానేశాడు.

అసలు రహస్యం వేరే ఉంది. గడ్డి మోపుని ఎవరూ తడిమి చూడరని దొరబాబు కనిపెట్టాడు. మస్తాన్ ఇచ్చిన మెడలు మోపు మధ్యలో పెట్టుకుని దర్జాగా గేటు దాటించేవాడు. జున్ను మోపు కనబడగానే గంతులేసేది. ఒకరోజు ప్రభంజన కుమార్ గారు ఆ గంతులు చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"గడ్డిని చూస్తే ఎగురుతోంది. ప్రకృతి మేలుకుంటోంది దొరబాబూ."

"మేలుకుంటోందండి" అన్నాడు దొరబాబు. పిల్ల ఎదిగితే చాలు, ప్రకృతికి పేరొచ్చినా ఫరవాలేదనుకున్నాడు.

ఎదిగింది కూడా. జున్ను కాళ్ళు సాగాయి, ఛాతీ విచ్చుకుంది. ఎంపికలో దానికి తిరుగుండదని దొరబాబు ధైర్యంగా ఉన్న ఆ రోజుల్లోనే, వానలు వెనకబట్టాయి. తనిఖీ అధికారి విరూపాక్షయ్య గారు జీపు దిగారు.

ఆయన సంచిలో మూడు రంగుల కలాలు, మొహంలో ఒకే రంగు ఉన్నాయి. సూపరింటెండెంటు గారు, శేషావతారం గారు వెంట రాగా నేరుగా బోన్ల దగ్గరికి నడిచారు. 'జాగిలం' అని రాసున్న బోర్డు ముందు ఆగి, బోనులోకి చూశారు. లోపల మేకపోతు గడ్డి నముల్తూ ఆయన్ని తేరిపార చూసింది.

"పచ్చి ఆహారం మీద ఉన్న జాగిలం ఇదేనా?"

"అయ్యా, అది మేకండి" అన్నాడు దొరబాబు.

విరూపాక్షయ్య గారు బోర్డు చూశారు. "మేక అని ఎక్కడ రాసుంది?"

"రాయలేదండి. కనబడుతోందండి."

"కనబడేవి నేను నమోదు చెయ్యను. రాసినవి సరిచూస్తాను. ప్రభంజన కుమార్ గారూ, పచ్చి ఆహారం తింటున్నది ఇదేనా, కాదా?"

సూపరింటెండెంటు గారి కళ్ళ ముందు రెండు దారులు కనబడ్డాయి. ఒక దారిలో తన సిద్ధాంతం నవ్వులపాలవుతోంది. రెండో దారిలో ఒక మేక నిగనిగలాడుతోంది. 

"చాలా ఇష్టంగా తింటుంది సార్" అన్నారాయన. అది నిజమే.

"ఎదుగుదల బ్రహ్మాండం" అని రాసుకున్నారు విరూపాక్షయ్య గారు. "నోరు అదుపులో ఉంచుకుంటుందా?"

"ఇంతవరకూ ఒక్కసారి మొరగలేదు సార్" అన్నారు శేషావతారం గారు. ఇదీ నిజమే.

వాసన పరీక్షకి మేకని బోను బయటికి తెచ్చి, దొంగ వాడిన రుమాలు ఒకటి దాని ముందు పట్టారు. మేక వాసన చూసి, రుమాలు తినేసింది. 'సాక్ష్యాన్ని తక్షణమే స్వాధీనపరచుకున్నది' అని నమోదైంది. రాస్తూ రాస్తూ విరూపాక్షయ్య గారి కలం కింద పడింది. తీసుకుందామని అటు తిరిగి వంగారు. ఇలాంటి అవకాశాన్ని ఆ మేకపోతు జీవితంలో ఎన్నడూ వదులుకోలేదు.

ఆయన్ని ఇద్దరు లేపి నిలబెట్టారు. టోపీ వెతికి తెచ్చారు. ఆయన ఇసుక దులుపుకుని, ఆకుపచ్చ కలం తీసి, 'దాడి సామర్థ్యం అత్యుత్తమం. ఎంపిక చేయడమైనది' అని సంతకం పెట్టారు.

తర్వాత పక్క బోను ముందుకి వెళ్ళారు. 'పచ్చిమేత' అన్న బోర్డు కింద జున్ను తోకాడిస్తూ నిలబడి ఉంది. 

"నిల్వ ఆరోగ్యంగా ఉంది" అన్నారు విరూపాక్షయ్య గారు. "దీన్ని వాడుకోవడానికి అనుమతి కోరుతూ మీరు రాసిన ఉత్తరం మా దగ్గర పెండింగులో ఉంది. వెళ్ళగానే మంజూరు చేస్తాను."

దొరబాబు చెయ్యి జున్ను బోను గడియ మీదికి పోయింది.

*

మంజూరు చాలా వేగంగా వచ్చింది. ప్రభుత్వంలో వేగం ఇలాంటప్పుడే బయటపడుతుంది. 'పచ్చిమేతగా నిల్వయున్న సజీవ జంతువును నేటి సాయంత్రం లోపల వధించి, ఎంపికైన జాగిలమునకు ఆహారముగా వేయవలెను.'

దొరబాబు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివే ధైర్యం లేకపోయింది. జున్నుని కోసి మేకకి వెయ్యాలి. కటికవాడికి కబురు కూడా వెళ్ళిందట.

సూపరింటెండెంటు గారి గదికి పరిగెత్తితే, ఆయన లేరు. పచ్చి ఆహారం విజయగాథ మీద ఉపన్యాసం ఇవ్వడానికి రాజధానికి వెళ్ళారు. మిగిలింది ఒక్క శేషావతారం గారే.

"సార్, ఇది అన్యాయమండి. అది కుక్కపిల్లండి. తమరికీ తెలుసండి. తమ ముక్కు నాకింది కదండి."

శేషావతారం గారు తల ఎత్తలేదు. అసంకల్పితంగా ముక్కు మాత్రం తడుముకున్నారు. "నాకు తెలిసినంత మాత్రాన లాభం లేదు దొరబాబూ. ఫైలుకి తెలియాలి. ఫైల్లో అది మేత."

"ఫైలు మార్చండి."

"తనిఖీ అధికారి సంతకం పడ్డాక మార్చితే, ఎంపికైంది మేక అని ఒప్పుకోవాలి. అప్పుడు సూపరింటెండెంటు గారు పోతారు, విరూపాక్షయ్య గారు పోతారు, నేను పోతాను. ముగ్గురు గెజిటెడ్ అధికారులా, ఒక మోపు గడ్డా? నువ్వే చెప్పు."

దొరబాబు కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. బయట ఎక్కడో కత్తి సానబెడుతున్న శబ్దం. బతిమాలి లాభం లేదు. ఈయన ఏ భాషలో కరుగుతాడో ఆ భాషలోనే అడగాలి.

"సరేనండి. అది మేతేనండి" అన్నాడు నెమ్మదిగా. "మరి మేత పాడైపోతే ఏం చేస్తారండి?"

కలం ఆగింది.

శేషావతారం గారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. ఆ కళ్ళల్లో దొరబాబు ఎన్నడూ చూడని వెలుగేదో కదిలింది. అది జాలో, నిబంధన గుర్తొచ్చిన ఆనందమో చెప్పడం కష్టం. ఆ మనిషిలో రెండూ ఒకే చోట ఉండి ఉండొచ్చు.

"పాడైన మేతని జాగిలానికి వెయ్యరాదు. నిషిద్ధం" అన్నారాయన. "ఆ మేతకి బాధ్యుడైన ఉద్యోగి దాన్ని ఆవరణ బయట, తన సొంత ఖర్చుతో పారవెయ్యాలి. కానీ పాడైనట్టు రుజువు కావాలి. వాసన వస్తోందా?"

"స్నానం చేయించి చాలా రోజులైందండి."

"రాస్తున్నాను. పురుగు పట్టిందా?"

"చెవిలో గోమారి ఒకటి కనబడిందండి పొద్దున."

"పురుగు పట్టినది. రంగు?"

"రంగేంటండి?"

"మేత ఏ రంగులో ఉండాలి దొరబాబూ?"

దొరబాబు టేబులు మీదికి వంగాడు. "పచ్చగా ఉండాలండి."

"ఇది?"

"ఎక్కడా పచ్చగా లేదండి. తల నుంచి తోక దాకా జున్ను రంగేనండి."

"అయ్యో" అన్నారు శేషావతారం గారు, నిజంగానే బాధపడుతూ. "పూర్తిగా చెడిపోయింది." చీటీ మీద ముద్ర కొట్టి ఇచ్చారు. "ఇంకో విషయం. రేపట్నుంచి నువ్వే ఆ ఎంపికైన జాగిలానికి హ్యాండ్లర్‌వి. పరేడ్‌కి దాన్ని నడిపించుకు రావాలి. అర్థమైందా?"

"అర్థమైందండి" అన్నాడు దొరబాబు. ఆ క్షణంలో ఏనుగుని నడిపించమన్నా సరేననేవాడే.

*

మిట్టమధ్యాహ్నం. జున్నుని భుజాన వేసుకుని దొరబాబు గేటు దాకా వచ్చాడు. కటికవాడు సైకిలు మీద అప్పుడే లోపలికి వచ్చి, ఎవరినో దారి అడుగుతున్నాడు. ఇంకో పది అడుగులు దాటితే రోడ్డు.

"ఆగండి" అన్నాడు సెంట్రీ అప్పన్న. గేటు దగ్గర ఏది బయటికి పోయినా చీటీ చూడందే వదలని మనిషి. "ఏంటది, భుజం మీద?"

దొరబాబు చీటీ అందించాడు. "గడ్డి."

అప్పన్న చీటీ చదివాడు. 'పాడైన పచ్చిమేత, ఒకటి.' తలెత్తి చూశాడు. జున్ను అతని మొహం మీదికి వంగి ఒక్కసారి గట్టిగా మొరిగింది.

అప్పన్న మళ్ళీ చీటీ చూశాడు. ముద్ర మీద వేలుతో రుద్దాడు, పచ్చిగా అంటుకుంది. వెనక నుంచి కటికవాడు, "ఇక్కడ పచ్చిమేత బోను ఎటండీ?" అని అరుస్తున్నాడు.

అప్పన్న ఆ మనిషి చేతిలో సంచి చూశాడు. సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన కత్తి పిడి చూశాడు. జున్ను చెవి వెనక రెండు వేళ్ళతో మెల్లగా గీరాడు. తర్వాత చీటీ మడిచి జేబులో పెట్టుకుని, గేటు బార్లా తెరిచాడు.

"ఎండ మండిపోతంది దొరబాబు గారూ" అన్నాడు. "బేగి తీసుకెళ్ళండి. వాడిపోద్ది."